కవ్వం చాచా తెల్ల లుంగీ

ఆ రోజుల్లో బియ్యెస్సీ ప్యాసైనవాడు వీధిలో నడిచిపోతుంటే కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయని నా నమ్మకం. (అవి తప్పుకునేది నీ చేతిలో గొడుగును చూసిరా అనేవాడు మా నాయన. మగ్గం మీద కూచుని ఆయన ఏం చెప్పినా నిజమే చెప్పేవాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది.) జమ్మలమడుగు దగ్గర మా నేతగాళ్ళ వీధిలో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టకుండా బతకబోతున్న మొదటి మొగపిల్లోణ్ణి నేను. కర్నూల్లో మందుల కంపెనీలో కెమిస్టు ఉద్యోగమని తెలిసేసరికి వీధి వీధంతా బస్సు దాకా వచ్చి సాగనంపింది. మా మేనత్తయితే నా గడ్డం పట్టుకుని, "మన కండ్ల ముందర పుట్టినోడు ఊరికంతా మందులు చేస్తాడంట" అని కొంగుతో కండ్లు తుడుచుకునింది. ఏం మందులని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పోయినాక తెలిసింది, ఆ కంపెనీ చేసేది ఒక్కటే మందు, అది గజ్జి మందు.

కర్నూలు రాజధానిగా వెలిగిన కాలమది. ఆఫీసులు డేరాల్లో, గుమాస్తాలు ఎవరెవరి వసారాల్లోనో, నీళ్ళ కోసం బిందెల బారు తుంగభద్ర దాకా. అంతమంది ఒక్కచోట ఇరుక్కుంటే గజ్జి రాక ఏం చేస్తుంది! హాస్టళ్ళలో, పోలీసు లైన్లలో, పెద్ద పెద్ద ఆఫీసర్ల ఇళ్ళల్లో (వాళ్ళు తలుపేసుకుని) ఒకటే గోకుడు. ఆ గోకుడులో మా యజమానికి లక్ష్మీదేవి గజ్జెల చప్పుడు వినపడింది. ఆయన ఆత్మకూరు పక్క పల్లెలో శెనక్కాయ పండించే ఆసామి. వానలు ముఖం చాటేసిన ఒక సంవత్సరం చేలు కౌలుకిచ్చి, కర్నూల్లో రేకుల షెడ్డు వేసి మందు మొదలుపెట్టినాడు. ఊళ్ళో అందరూ తైలం రెడ్డి అనేవాళ్ళు. మనిషి మంచోడు, శివభక్తుడు, కోపమొస్తే మాత్రం ముందు నోరు ఉరికి, తర్వాత మనిషి ఉరికేవాడు. నన్ను చూసిన మొదటి రోజే, "ఏమప్పా, బియ్యెస్సీ అంటివే, గజ్జి ఎప్పుడన్నా వచ్చిందా నీకు?" అని అడిగినాడు. లేదయ్యా అంటే, "అనుభవం లేదన్న మాట" అని పెదవి విరిచినాడు. వారం తిరక్కుండానే ఊరు నాకు గజ్జి బియ్యెస్సీ అని పేరు పెట్టేసింది.

గజ్జి మందు కదా అని తేలిగ్గా చూడొద్దు. అందులో అసలు మందు నూనెలాంటిది. నూనెకూ నీళ్ళకూ పుట్టినప్పట్నుంచీ పడదని అందరికీ తెలిసిందే. వాటికి మధ్యవర్తిత్వం చేసి, రెండిటినీ కలిపి పాలమాదిరి తెల్లగా నిలబెట్టేది మెత్తసబ్బు. సబ్బు సరిగ్గా ఉంటే సీసా ఆరు నెలలు అట్లే ఉంటుంది. తక్కువైతే పైన నూనె, కింద నీళ్ళు, అంతే సంగతులు. ఈ మూడిటినీ తొట్టిలో పోసి కలిపేవాడు కవ్వం చాచా. ఒకప్పుడు హకీముగారి దగ్గర లేహ్యాలు కలిపిన చెయ్యి. మనిషంత ఎత్తు కవ్వం పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, తనలో తాను ఏదో సన్నగా పాడుకుంటూ కలిపేవాడు. మేమంతా సాయంత్రానికి మందు మరకలతో పులిబొంగరాలు పోసే గుంతల పెనంమాదిరి మచ్చలు మచ్చలుగా తయారైతే, చాచా తెల్ల లుంగీ, తెల్ల బనీను, తెల్ల టోపీ మాత్రం పొద్దున కట్టుకున్నట్టే ఉండేవి. ఎండలో ఆ లుంగీని నిలబడి చూడలేం, అంత తెలుపు. ఆ తెలుపే ఆయన కొంప ముంచబోతుందని నేను కలగన్నానా?

మొదట పెద్దాసుపత్రి నుంచి ఒక పెట్టె తిరిగొచ్చింది. సీసాల్లో మందు విరిగిపోయి ఉంది. సరే, రవాణాలో ఎండ తగిలి ఉంటుందనుకున్నాం. తర్వాతి నెల ఇంకో పెట్టె. ఆ పై నెల ఆసుపత్రి వాళ్ళు, ఇట్లే అయితే మీ మందు మాకొద్దని కబురు పంపినారు. రెడ్డిగారు షెడ్డు మధ్యలో నిలబడి విరిగిన సీసాను ఎండకు ఎత్తి చూసి, నన్ను లోపలికి పిల్చినారు.

"సబ్బు తక్కువ పడిందప్పా. నేను తూకమేసి ఇచ్చిన సబ్బు యాడికి పోతాది? రెక్కలొచ్చి ఎగిరిపోతాదా? ఎవుడో తింటాండాడు."

"సబ్బు ఎవరు తింటారయ్యా?" అన్నాను.

"తినేదంటే నోట్లో ఏసుకోని తినేదా? ఏం సదివినావప్పా నువ్వు!" అని తల కొట్టుకుని, కిటికీలోంచి చాచా వైపు చూపించినారు. "ఆ లుంగీ సూడు. ఈ ఊరి నీళ్ళల్లో అంత తెలుపు యాట్నుంచి వస్తాది? మనూళ్ళో కలెక్టరు చొక్కా కూడా అంత తెల్లగుండదు."

నా చొక్కా వైపు చూసుకున్నాను, అది బూడిద రంగులో ఉంది. రెడ్డిగారి తర్కానికి అది సాక్ష్యం కూడా చెప్పినట్టయింది. అప్పుడే నాలోని బియ్యెస్సీ ఛాతీ విరుచుకుని లేచి, "అయ్యా, అనుమానాలెందుకు? మందులో సబ్బు ఎంతుందో కొలిచి చూపిస్తాను" అన్నాడు. నోరు ఊరుకుంటే కదా! కాలేజీలో మా లెక్చరరుగారు ఒకసారి చేసి చూపించిన పద్ధతి నా మనసులో ఉంది. నిలువు గాజు గొట్టంలో అడుగున దూది పెట్టి, పైదాకా తెల్లని పొడి బిగించి, మందును స్పిరిటులో కలిపి పైనుంచి కొంచెం కొంచెంగా పోయాలి. మహానంది తిరణాలకు ఒకే బండి దిగిన జనం గుడి దాకా ఒకేసారి పోతారా? పోరు. కుర్రకారు ముందు ఉరుకుతుంది. గాజుల అంగడి కాడా, బొరుగుల అంగడి కాడా ఆగే ఆడవాళ్ళు వెనకబడతారు. ఆ గొట్టంలోనూ అంతే. నూనెమందు ఎక్కడా ఆగకుండా ముందే దిగిపోతుంది, సబ్బు పొడిని పట్టుకుని వేలాడి తర్వాత దిగుతుంది. వేరే గిన్నెలో పట్టి, ఆరబెట్టి, తూకం వేస్తే సబ్బు ఎంతో తేలిపోతుంది. ఆ పొడి మద్రాసు నుంచి తెప్పించాలన్నాను. "తెల్ల పొడే కదప్పా, బేతంచెర్లలో రాళ్ళు కోసిన పొడి లారీలకు లారీలు పారబోస్తాండారు, మూటగట్టుకోని రాగూడదా?" అని రెడ్డిగారు రెండు రోజులు వాదించి, చివరికి ఒప్పుకున్నారు.

గొట్టం నిలబెట్టినాక షెడ్డులో నా హోదానే మారిపోయింది. సీసాలు కడిగే ఆడవాళ్ళు దానికి దండం పెట్టి పోయేవాళ్ళు. చాచా రోజూ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చుక్క చుక్కగా దిగేదాన్ని చూసేవాడు. "ఇది అబద్ధం చెప్పదు కదా బాబూ?" అని ఒకసారి అడిగినాడు. "చచ్చినా చెప్పదు చాచా" అన్నాను గర్వంగా. "అయితే మంచిదే" అని కవ్వం దగ్గరికి పోయినాడు. తన మీద అనుమానం ఉందని ఆయనకు అప్పటికే తెలుసు. షెడ్డులో తెలియనిది ఎవరికి?

విరిగిన సీసాల మందు పోసి చూసినాను. సబ్బు ఉండాల్సినదాంట్లో సగం కూడా దిగలేదు. మళ్ళీ పోసినాను, మళ్ళీ అంతే. ఇంకో చిత్రం, గొట్టంలో పొడికి పైన పెరుగు మీద మీగడమాదిరి తెల్లని తెట్టు కట్టి కూచుంది. అది ఎంత స్పిరిటు పోసినా కదల్లేదు. నేను దాన్ని పట్టించుకోలేదు. (లెక్చరరుగారు చూపించినప్పుడు తెట్టు రాలేదు. పాఠంలో లేనిదాన్ని పట్టించుకోవడం అప్పటికి నాకు అలవాటు లేదు.) రెడ్డిగారికి తూకం చెప్పక తప్పలేదు. ఆయన మొహం నల్లబడింది. "అమాస దాటినాక చేసే మందు కూడా కొలువు. అప్పుడూ తక్కువైతే చాచాను ఇంటికి పంపిస్తా. ఊరికే పంపను. దొంగ అని అందరి ముందరా చెప్పి పంపిస్తా." దొంగ అనిపించుకున్నవాణ్ణి కర్నూల్లో ఇంకో గడప ఎక్కనిస్తారా? ఆ వయసులో ఆ మనిషి ఆ తెల్ల లుంగీతో ఏ వీధిలో తల ఎత్తుకుని నడుస్తాడు?

మర్నాడు పొద్దున కోట బురుజు పక్కన నా అద్దెగది వెనక బావి దగ్గర స్నానం చేస్తున్నాను. ఆ బావి నీళ్ళ గొప్ప ఏమని చెప్పేది! పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తలంటుకుంటే జుట్టు చీపురైపోతుంది. ఎంత రుద్దినా సబ్బు నురగ కాకుండా తెల్లగా విరిగి, స్నానం చేసే బండ మీద తెట్టుగా పేరుకుంటోంది. ఆ తెట్టును కాలితో తోసేయబోతూ ఆగిపోయినాను. అబ్బా! ఇది ఆ గొట్టంలోని తెట్టే! సబ్బు ఎవరూ తినలేదు. మందులోనే ఉంది. సున్నపు నీళ్ళు తగిలి తెట్టుగా మారి కదలకుండా కూచుంది, అందుకే నూనెనూ నీళ్ళనూ కలపలేకపోయింది. చెవి వెనక సబ్బు అట్లే ఉండగా పంచె చుట్టుకుని షెడ్డుకు ఉరికినాను.

మా మందుకు వాడాల్సినది ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళు. దానికి వేరే బాన ఉంది. అంటే ఎవరో షెడ్డు వెనక బావి నీళ్ళు పోస్తున్నారన్న మాట. "చాచా, తొట్టిలో పోసే నీళ్ళు యాడివి?" అని అడిగినాను.

చాచా చెయ్యి కవ్వం మీద ఆగిపోయింది. "నీళ్ళ సంగతి నన్నడగొద్దు బాబూ. వేరే ఏమన్నా అడుగు."

"నీ మంచికే అడుగుతున్నాను చాచా! అది చెబితే నువ్వు బయటపడతావు."

"మాటిచ్చినా బాబూ" అని తల వంచుకుని మళ్ళీ తిప్పడం మొదలుపెట్టినాడు. మాటేమిటి, ఎవరికిచ్చిన మాట! బాన దగ్గర్నుంచి మోసేందుకు బద్ధకమేసి బావి నీళ్ళు పోస్తున్నాడు, దొరికిపోయి మాటా గీటా అంటున్నాడని నాకు ఒళ్ళు మండింది. దొంగ కాదు గానీ సోమరి అని తేల్చినాను. కండ్లారా చూసి మరీ పట్టుకోవాలని, అమాస దాటిన మర్నాడు తెల్లారేసరికి షెడ్డుకు పోయి, స్పిరిటు పీపాల వెనక నక్కి కూచున్నాను. మందుల కంపెనీ కెమిస్టు, పట్టభద్రుడు, పీపాల సందులో గొంతుక్కూచుని! మా మేనత్త చూసి ఉంటే మళ్ళీ కండ్లు తుడుచుకునేది, ఈసారి వేరే కారణానికి.

చాచా వచ్చినాడు. తొట్టి కడిగినాడు. ఆవిరి నీళ్ళ బాన దగ్గరికి పోలేదు, బావి దగ్గరికీ పోలేదు. టోపీ సర్దుకుని వాకిలి పక్కన నిలబడినాడు. కాసేపటికి బయట రెడ్డిగారి పాత కారు దగ్గుతూ ఆగింది. రెడ్డిగారు, కాళ్ళకు చెప్పుల్లేవు, నుదుట నిండా విభూతి, చంకన ఇత్తడి బిందె! "హర హర" అనుకుంటూ వచ్చి తొట్టిలో గుమ్మరించినారు. పోయి ఇంకో బిందె తెచ్చి గుమ్మరించినారు. మా తొట్టి ఏమంత పెద్దదని? ఆ రెండింటికే సగం నిండేది. ఆ స్పిరిటు వాసనకు పీపాలు అదిరేటట్టు తుమ్మినాను.

"ఎవుడ్రా అది!" అని రెడ్డిగారు బిందె ఎత్తినారు. నేను చేతులెత్తుకుని లేచినాను. "నువ్వా? దొంగమాదిరి ఈడేం చేస్తాండావప్పా?"

"ఆ నీళ్ళు యాడివయ్యా?" అన్నాను. జవాబు చెప్పాల్సినవాణ్ణి నేను, అడుగుతున్నదీ నేనే.

"మహానంది కోనేటివి. అడుగున పడిన సూది కూడా కనపడే నీళ్ళు. నాలుగు నెలల కింద మొక్కుకుంటి, నెలనెలా మాస శివరాత్రికి పోయి, అమాస దాటినాక తెచ్చి మొదటి తడవ మందులో పోస్తానని. మొక్కు బయటికి చెబితే ఫలం పోతాదని చాచా దగ్గర మాట తీసుకుంటి. నువ్వొచ్చి చెడగొట్టినావు గదప్పా!"

ఇంక దాచి లాభం లేదు. రెండు సీసాలు తీసుకుని ఒకదాంట్లో ఆవిరి నీళ్ళు, ఇంకోదాంట్లో బిందె అడుగున మిగిలిన నీళ్ళు పోసి, చెరి కాస్త సబ్బు వేసి, రెండు చేతులా ఊపినాను. ఒకటి నురగతో పొంగింది. ఇంకోటి విరిగిన పాలైంది. "అయ్యా, కంటికి ఎంత తేటగా ఉన్నా ఈ నీళ్ళు రాళ్ళ పొరల్లోంచి సున్నం కరిగించుకుని వస్తాయి. తాగేందుకు అమృతమే. సబ్బుకు మాత్రం పడదు. మందు విరిగింది వీటివల్లే. చాచా సబ్బు ముట్టలేదు."

రెడ్డిగారి కండ్లు ఎర్రబడినాయి. "స్వామి నీళ్ళకు వంక పెడతాండావా? నాలుగక్షరాలు సదివి, స్వామి నీళ్ళకే? పో! నువ్వూ పో, చాచానూ పొమ్మను!" నా ఉద్యోగం, చాచా పరువు, రెండూ ఆ తొట్టిలో మునిగిపోయినట్టే అనుకున్నాను. అప్పుడు వాకిట్లోంచి కర్ర చప్పుడు వినపడింది. రెడ్డిగారి అమ్మ. షెడ్డులో అందరికీ అవ్వ. కొడుకుతో మహానందికి పోయి వస్తూ, ఎంతకీ కొడుకు కారెక్కకపోయేసరికి దిగి వచ్చింది.

"ఏందిరా గలాటా? తీర్థం దేంట్లో పోస్తివి?" అంది తొట్టిలోకి తొంగి చూసి.

"మందులో అమ్మా."

"ఏం మందు?"

రెడ్డిగారు నసిగినారు. "గజ్జి మందు."

అవ్వ కర్ర కింద పడేసింది. "ఓరి నీ తెలివి తెల్లారా! పనోళ్ళకు తీర్థమిస్తాండావనుకుంటి గదరా నెలనెలా! స్వామి తలకు పోసే నీళ్ళు తెచ్చి, ఊరోళ్ళ పిర్రలకు పూసే దాంట్లో పోస్తివా? నీకు చేతులెట్ల వచ్చినాయిరా పాపాత్ముడా? సీసాలు ఇరిగినాయంటే ఇరగవా? స్వామి అంతటితో వదిలిపెట్టినాడని సంతోషపడు!"

రెడ్డిగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. సున్నం మాట చెవికెక్కని మనిషికి ఈ మాట గుండెల్లో దిగింది. అక్కడికక్కడే మహానంది దిక్కుకు తిరిగి టపటపా లెంపలేసుకున్నారు. సీసాలు కడిగే ఆడవాళ్ళు అప్పుడే వచ్చి, ఏమైందో తెలియకపోయినా తామూ లెంపలేసుకున్నారు. (నేనూ వేసుకున్నాను. ఉద్యోగం నిలిచే సమయంలో పక్కవాళ్ళు చేసేది చెయ్యడం మంచిది.) ఆ వేడి తగ్గినాక రెడ్డిగారు చాచా దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, "నీళ్ళు పోసేది నువ్వే కదా రెడ్డీ అని ఒక్క మాట నాతో అనకపోతివే చాచా? నిన్ను దొంగ అంటాంటే కూడా?" అన్నారు.

"పోసేది మీరు. మీరు పోసింది మీకు తెలీదా?" అన్నాడు చాచా. "ఎవరికీ చెప్పొద్దంటిరి. ఎవరికీ అంటే మీకు కూడా అనుకుంటి. ఆ గొట్టం అబద్ధం చెప్పదని బాబు అన్యాడు గదా, అదే చెప్తాదిలే అని ఉంటి."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. గొట్టం నిజమే చెప్పింది. తెట్టు కట్టి మరీ చెప్పింది. వినాల్సినవాడు బండ మీద తెట్టు చూసేదాకా వినలేదు. ఆ ఉదయం ఆవిరి నీళ్ళతో మందు మళ్ళీ కలిపినారు. చాచా కవ్వం పక్కన పెట్టి, "ఇప్పుడు కొలువు బాబూ" అని నా బల్ల ముందర స్టూలు వేసుకుని కూచున్నాడు. అన్నానికి లేవలేదు. చుక్క చుక్క దిగుతుంటే చూస్తూనే ఉన్నాడు. సాయంత్రానికి ఆరబెట్టి తూకం వేసినాను. సబ్బు ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది.

"సరిగ్గా ఉండాదా?"

"సరిగ్గా ఉండాది చాచా."

"నాకు కాదు బాబూ. గట్టిగా చెప్పు."

షెడ్డులో అందరికీ వినపడేటట్టు గట్టిగా చెప్పినాను. రెడ్డిగారు గదిలోంచి బయటికొచ్చి విన్నారు, అవ్వ మాట విన్నట్టే తల వంచుకుని విన్నారు. చాచా లేచి లుంగీ దులుపుకుని ఇంటికి పోయినాడు. పోతూ పోతూ నా దగ్గర ఆగి, "మా ఇంటామె చౌడు మన్ను పెట్టి తుంగభద్రలో ఉతుకుతాది బాబూ. నీ చొక్కా కూడా ఇయ్యి, శానా మాసింది" అన్నాడు. ఇచ్చినాను. ఆ చొక్కా తిరిగొచ్చినాక నాలుగు రోజులు దాన్ని తొడుక్కోడానికి చెయ్యి రాలేదు.

ఈ మధ్య మా మనవరాలు తను పనిచేసే మందుల ల్యాబుకు తీసుకుపోయింది. నేను దినమంతా చుక్కలు లెక్కపెట్టిన పనిని అక్కడ ఒక పెట్టె కాఫీ తాగి వచ్చేలోపల చేసేస్తుంది. సబ్బుజాతి సరుకు ఎంతుందో తెర మీద గీత గీసి మరీ చూపిస్తుంది. పిల్లలంతా ముసలాయన ఏమంటాడో అని నా వైపు చూసినారు. గొప్పగా ఏదైనా అనాలని నాకూ ఉంది. నోట్లోంచి మాత్రం, "నీళ్ళు యాడివమ్మా?" అని వచ్చింది. అందరూ నవ్వినారు. నవ్వనీ. ఇంట్లో పప్పు ఉడక్కపోయినా, కాఫీ విరిగినా, పక్కింట్లో ఎవరినైనా ఎవరైనా దొంగ అన్నా నేను ముందు అడిగేది అదే. మా ఆవిడ, "ఈయనకు గజ్జి తగ్గినా నీళ్ళ పిచ్చి తగ్గలేదు" అంటుంది. నాకెప్పుడూ గజ్జి రాలేదని ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాను, ఒక్కరూ నమ్మరు. చాచా ఉండి ఉంటే, నాకు చెప్పొద్దు బాబూ, గట్టిగా చెప్పు అనేవాడు.